సంతకం పెట్టమ్మా అన్నది నేనే



రెండు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఆరోగ్యం బాగానే ఉంది. రాయవలసిన సంగతి ఒకటి మనసులో ఉండిపోయింది. దాన్ని పక్కన పెట్టి వేరే వాక్యము మీద రాద్దామని కూర్చుంటే కలం కదల్లేదు. ఇది నా తప్పు గురించిన సంగతి. మన సంఘములో సగం మందికి ఇప్పటికే తెలుసు. మిగిలిన సగానికి వేరేవాళ్ళ నోట కాకుండా నా నోటనే తెలియాలి.

ఇందులో ఉన్న సహోదరి దగ్గర అనుమతి తీసుకునే రాస్తున్నాను. "పేరు వద్దు అయ్యగారూ. సంగతి మాత్రం రాయండి. ఇంకో ఆడకూతురు ఇట్టా ఇరుక్కోకూడదు" అన్నది.

ఆమె భర్త 2024 జనవరిలో పొలంలో మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. భూస్థాపన అయిన నాలుగో రోజున ఆయన పాస్‌బుక్కు తిరగేస్తుంటే ఏటా మే నెలాఖరున 20 రూపాయలు కట్ అవుతున్నట్టు కనిపించింది. ప్రధానమంత్రి సురక్షా బీమా. ఖాతా తెరిచినప్పుడు ఎవరో ఫారం మీద టిక్కు పెట్టించారు, ఆయనకు కూడా గుర్తు లేదేమో. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకు 2 లక్షలు. ఎఫ్ఐఆర్ కాపీ కోసం పోలీస్ స్టేషనుకు, పోస్టుమార్టం రిపోర్టు కోసం ఆసుపత్రికి, క్లెయిము ఫారం కోసం బ్యాంకుకు నేనే ఆమెతో తిరిగాను. మే నెలలో 2 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. ఆ ఆదివారం ఆమె సాక్ష్యము చెప్పింది. అందరం ఏడ్చాం.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, బీమా అంటేనే మోసం అని నేను అనడం లేదు. ఆ ఇంటిని నిలబెట్టింది బీమాయే. ఇంకొక కారణం కూడా ఉంది. ఆ డబ్బు వచ్చేలా చేసింది నేనని ఆమె నమ్మింది. తర్వాత జరిగినదానికి ఆ నమ్మకమే దారి వేసింది.

రెండు లక్షల్లో చేబదుళ్ళు, ఎరువుల కొట్టు బాకీ పోగా లక్షా పది వేలు మిగిలాయి. లక్ష రూపాయలు అమ్మాయి నర్సింగ్ చదువు కోసం బ్యాంకులో ఎఫ్‌డీ వేద్దామనుకుంది. "మీరు కూడా రండి అయ్యగారూ, నాకు ఇంగ్లీషు రాదు" అన్నది. వెళ్ళాను.

మన మండల కేంద్రంలోని ఆ బ్యాంకులో ఎఫ్‌డీ కౌంటరు పక్కన ఒక అబ్బాయి టేబులు వేసుకుని కూర్చునేవాడు. టై కట్టుకుని, మెడలో కార్డు వేసుకుని ఉంటాడు. అతను బ్యాంకు ఉద్యోగి కాదు, ఒక బీమా కంపెనీ మనిషి. ఆ సంగతి నాకు తెలుసు. ఎలాగంటే, అంతకు ముందు క్రిస్మస్‌కు అతను మన మందిరానికి వచ్చి ఒక గోడ గడియారం ఇచ్చాడు. కింద కంపెనీ పేరు అచ్చువేసి ఉంది. నేను ప్రార్థన చేసి మరీ అందుకున్నాను. బల్ల పైన గోడకు నేనే తగిలించాను.

అతను మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "రండి పాస్టర్ గారూ" అని కుర్చీ వేశాడు. విషయం విని, "ఎఫ్‌డీ ఎందుకమ్మా, దీంట్లో పెట్టండి. ఎఫ్‌డీ కన్నా ఎక్కువ వస్తుంది, బీమా కూడా ఉంటుంది, ఏడాది తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు" అన్నాడు. ఆమె నా వైపు తిరిగి, "ఏమంటారు అయ్యగారూ?" అన్నది.

కాగితాలు నా చేతికిచ్చాడు. సెమినరీలో మూడేళ్ళు ఇంగ్లీషు పుస్తకాలు చదివి డిప్లొమా తెచ్చుకున్నవాణ్ణి. ఆ కాగితం చదవగలను. రెండో పేజీలో ఒక పట్టికలో ప్రీమియం కట్టవలసిన కాలం అని ఉండి, దాని ఎదురుగా 10 అనే అంకె కనిపించింది. పదేళ్ళు. ఏటా లక్ష. నా కంట పడింది. పడలేదని చెబితే అబద్ధం అవుతుంది.

మరి ఎందుకు అడగలేదు? చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. వెనక జనం నిలబడి ఉన్నారు. ఆ అబ్బాయి నన్ను సార్ అని పిలుస్తున్నాడు. అడిగితే ఇంత చదివినవాడికి ఇది కూడా తెలియదా అనుకుంటాడేమో అని సిగ్గు. అతను ఇచ్చిన గడియారం మా గోడ మీద ఉంది. ఇవన్నీ కలిసి నా నోరు మూయించాయి. ఆ 10 అంటే ఇంకేదో అయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "మంచిదేలాగా ఉంది, సంతకం పెట్టమ్మా" అన్నాను.

ఆమె పెట్టింది. పదకొండు చోట్ల పెట్టింది. ఖాళీగా ఉన్న గడులు తర్వాత నింపుతామన్నాడు. "కంపెనీ నుంచి ఫోన్ వస్తుందమ్మా, అన్నిటికీ అవును అని చెప్పండి. లేకపోతే ఆలస్యం అవుతుంది" అని కూడా అన్నాడు. ఫోన్ వచ్చింది. మిరపతోటలో కాయ కోస్తూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని అన్నిటికీ అవును అన్నది. కొన్నాళ్ళకు పోస్టులో బాండు వచ్చింది. బైబిలుతో పాటు ట్రంకు పెట్టెలో భద్రంగా దాచింది.

2025 జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటున్న నా దగ్గరకు ఫోన్ పట్టుకుని వచ్చింది. "అయ్యగారూ, లక్ష కట్టమని మెసేజ్ వచ్చింది. మనం కట్టేశాం కదా?"

చదివాను. రెండో ఏడాది ప్రీమియం గడువు. మండుటెండలో ఆమె ఎదురుగా నిలబడి నేను చెప్పిన మొదటి మాట, "ఏదో పొరపాటు అయి ఉంటుందమ్మా, కనుక్కుంటాను." అప్పుడు కూడా నిజం చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయము నాకు కొత్త కాదు. ఇతరుల కోసం పూటపడి తన నోటి మాటకే తాను చిక్కుకున్నవాడి గురించి అక్కడ ఉంది. అప్పులు చేయవద్దని చెప్పడానికి ఆ భాగం ఎన్నిసార్లు బోధించానో. ఆ రాత్రి చదువుతుంటే నా కోసమే రాసినట్టుంది. చిక్కుకున్నవాడు ఏం చేయాలని అక్కడ చెప్పి ఉంది? ప్రార్థన చేసి పడుకోమని లేదు. వెళ్ళు, తగ్గించుకో, బతిమాలు, తప్పించుకునేదాకా కంటికి కునుకు రానివ్వకు అనే అర్థం వచ్చేలా ఉంది. వేటగాడి చేతిలో పడిన లేడి ఎలా గింజుకుంటుందో అలా.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ 10 నేను చూశానని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, లేచి వెళ్ళి గంజి వార్చి వచ్చింది. తర్వాత అడిగింది: "అయితే ఆ లక్ష పోయినట్టేనా?"

బ్యాంకుకు వెళ్ళాం. టై కట్టుకున్న అబ్బాయి లేడు, వేరే ఊరికి బదిలీ అయ్యాడు. మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు. "అది మా డిపాజిట్ కాదండీ, కంపెనీ పాలసీ. వాళ్ళనే అడగాలి" అన్నారు. ఒక్క ఏడాది కట్టి ఆపేస్తే చేతికి వచ్చేది కట్టినదానికన్నా బాగా తక్కువ అని అక్కడే తెలిసింది.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టెలోంచి బాండు తీశాం. ప్రియులారా, మీ ఇంట్లో అలాంటి బాండు ఏదైనా ఉంటే ఈరోజే తీయండి. మొదటి పేజీల్లోనే ఒక మాట ఉంటుంది: పాలసీ నచ్చకపోతే బాండు చేతికి వచ్చిన 30 రోజుల లోపల తిప్పి పంపవచ్చు, కొద్దిపాటి ఖర్చులు మినహాయించుకుని డబ్బు తిరిగి ఇస్తారు. దాన్ని ఫ్రీ లుక్ కాలం అంటారు. మాకు ఆ 30 రోజులు ట్రంకు పెట్టెలోనే గడిచిపోయాయి. అది పోస్టులో వచ్చిన రోజున నేను ఒక్కసారి విప్పి చూసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

బాండు చివర ఆమె సంతకాలు పెట్టిన దరఖాస్తు నకలు కుట్టి ఉంది. అప్పుడు ఖాళీగా ఉన్న గడులు ఇప్పుడు నిండి ఉన్నాయి. వృత్తి: వ్యాపారం. ఏడాది ఆదాయం: 6 లక్షలు. ఈమెయిల్ అని ఒకటి రాసి ఉంది. ఆమెకు ఈమెయిల్ అంటే ఏమిటో తెలియదు. ఉపాధి హామీ పనికి, మిరప కోతకు వెళ్ళే మనిషిని ఆరు లక్షల వ్యాపారిగా చూపిస్తే తప్ప ఏటా లక్ష కట్టే పాలసీ ఆమెకు అమ్మలేరు. మమ్మల్ని ముంచిన ఆ గడులే చివరకు మాకు సాక్ష్యం అయ్యాయి.

ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాం. తెలుగులో రాసి, నేను ఇంగ్లీషులో తిరగరాసి, రిజిస్టర్ పోస్టులో పంపాం. రసీదు దాచుకున్నాం. వాళ్ళ జవాబు తొందరగానే వచ్చింది: మీరే సంతకం పెట్టారు, ఫోన్‌లో కూడా ఒప్పుకున్నారు, 30 రోజులు దాటిపోయాయి, ఏమీ చేయలేం.

అంతటితో ఆగిపోయేవాళ్ళు చాలామంది. నేనూ ఆగిపోయేవాణ్ణేమో. కానీ దాని తర్వాత ఇంకో మెట్టు ఉంది. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, మన రాష్ట్రం కూడా దాని కిందికే వస్తుంది. కంపెనీ కాదన్న తర్వాత, లేదా నెల రోజులు జవాబే ఇవ్వకపోతే, ఏడాది లోపల అక్కడికి రాయవచ్చు. ఫీజు లేదు. లాయరు అక్కరలేదు, అసలు లాయరును రానివ్వరు కూడా. బీమా గురించిన ఫిర్యాదు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 155255 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

ఆ ఫిర్యాదుకు సాక్షిగా నా వాంగ్మూలం కూడా జత చేద్దామనుకున్నాం. మొదట రాసినదాంట్లో, నేను ఆ రోజు పక్కన ఉన్నాను, ఎఫ్‌డీ కన్నా మంచిదని అతను చెప్పడం విన్నాను, అని మాత్రమే ఉంది. మా ఇంటావిడ చదివి, "పది అంకె చూసిన సంగతి ఏది?" అంది. అది రాస్తే కేసు దెబ్బతింటుందేమో అన్నాను. "కేసు కోసం దాస్తున్నారా, మీ కోసం దాస్తున్నారా?" అంది. ఇంకేం చెప్పను! రాశాను.

విచారణ వీడియో కాల్‌లో జరిగింది. మందిరం పక్క గదిలో, నా ఫోను చెక్క స్టాండు మీద పెట్టి కూర్చున్నాం. అటు కంపెనీ తరఫున ఒకాయన. ఆ అధికారి ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు. "మిరపకాయలు కోస్తాను సార్, లేనప్పుడు ఉపాధి పనికి పోతాను." "వ్యాపారం ఏమైనా ఉందా?" "నాకెక్కడిది సార్?" తర్వాత కంపెనీ ఆయన వైపు తిరిగి ఆదాయం ఆరు లక్షలని ఎవరు రాశారని అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు.

క్రిస్మస్‌కు ముందు లక్ష రూపాయలు ఆమె ఖాతాలో పడ్డాయి. వడ్డీ లేకుండా. ఏడాదిన్నర పాటు ఎఫ్‌డీలో ఉండి ఉంటే, ఏడు శాతం లెక్కన చూసినా పది వేలు దాటేది. ఆ పది వేలు నేను నెలకు వెయ్యి చొప్పున ఇస్తున్నాను. మొదట తీసుకోనన్నది, గొడవ పెట్టుకుంది కూడా. "కానుక వేసే చేత్తో అయ్యగారి దగ్గర ఎట్టా తీసుకోను?" అన్నది. ఇది కానుక కాదమ్మా, బాకీ అన్నాను. ఇంకా నాలుగు నెలలు ఉంది. గడియారం గోడ మీదనుంచి తీసేశాను. ఆరాధన ఆలస్యమవుతోందని పెద్దలు ఇంకొకటి కొని పెట్టారు, అది వేరే సంగతి.

ఈ సంగతి బయటికి వచ్చాక ఒక్కొక్కరే కాగితాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. స్త్రీల కూడిక అయ్యాక ఒక గంట అదే పని. అందులో నేను చూసినవి కొన్ని చెబుతాను.

మన యవనస్థుల్లో ఒకతను బండి కొన్నాడు. 50,000 ఫైనాన్స్. "రూపాయి వడ్డీయే అయ్యగారూ, మన ఊళ్ళో రెండు రూపాయలకు తక్కువ ఎవరిస్తారు?" అన్నాడు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రెండేళ్ళకు వడ్డీ 12,000. మొత్తం 62,000ను 24 నెలలకు పంచితే నెలకు 2,583. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ కొంచెం ఆగి చూడండి. ఊళ్ళో రూపాయి వడ్డీకి తెచ్చిన 50,000 తిరిగి ఇచ్చేదాకా మొత్తం మన చేతిలోనే ఉంటుంది. ఇక్కడ మొదటి నెల నుంచే అసలు కూడా కొంచెం కొంచెం కట్టేస్తున్నాం. ఏడాది అయ్యేసరికి దాదాపు సగం కట్టేశాం. అయినా వడ్డీ మాత్రం 50,000 మీదే నడుస్తోంది. నిజానికి మిగిలిన అసలు మీద లెక్క వేస్తే అది రూపాయి వడ్డీ కాదు, రూపాయి ఎనభై పైసలు. అక్కడితో అయిపోలేదు. ఫైలు ఖర్చు, బీమా అని ముందే 3,000 పట్టుకున్నారు. అంటే అతనికి నిజంగా అందింది 47,000. దాని మీద చూస్తే రెండు రూపాయల ముప్ఫై ఐదు పైసలు పడింది. ఊళ్ళో వడ్డీ వ్యాపారిని తిట్టి, అతనికన్నా ఎక్కువ ఇచ్చి వచ్చాడు!

ఇంత లెక్క మీరు వేయక్కర్లేదు. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులు ఇచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ముందుగా ఒక కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే మనకు తెలుగులో అడిగే హక్కు ఉంది. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది, ఫీజులన్నీ కలిపిన అసలు వడ్డీ అది. దాన్ని 12తో భాగించండి. వచ్చింది మన ఊరి భాషలో నూటికి ఎన్ని రూపాయలో అదే, ఇంచుమించుగా. ఏపీఆర్ 28 ఉంటే రెండు రూపాయల ముప్ఫై మూడు పైసలన్న మాట. ఆ కాగితంలో లేని ఫీజు ఏదైనా తర్వాత అడిగితే, మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వసూలు చేయకూడదు. వాయిదా ఆలస్యమైతే జరిమానా వేయవచ్చు గాని, ఆ జరిమానా మీద మళ్ళీ వడ్డీ వేయకూడదు.

నెహెమ్యా గ్రంథము అయిదవ అధ్యాయము తీసి చూడండి. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువ పెట్టి ధాన్యం తెచ్చుకున్నవాళ్ళు, రాజు పన్ను కట్టడానికి అప్పు చేసినవాళ్ళు, పిల్లలను దాస్యానికి పంపవలసి వచ్చినవాళ్ళు భార్యలతో సహా వచ్చి మొరపెట్టారు. వడ్డీ తీసుకున్నవాళ్ళు పరాయివాళ్ళు కాదు, సొంత జనమే. అక్కడ చెప్పిన వడ్డీ ఎంత? నూరవ భాగము. అది నెలకు అని చాలామంది వ్యాఖ్యానకర్తలు చెబుతారు. అంటే మన రూపాయి వడ్డీ! రెండు వేల నాలుగు వందల ఏళ్ళ క్రితం యెరూషలేములో జనాన్ని ఏడిపించిన వడ్డీని ఇప్పుడు మనం చవక అనుకుంటున్నాం.

కానీ ఈసారి ఆ అధ్యాయములో నన్ను ఆపింది పదవ వచనము. ప్రధానులను గద్దించిన నెహెమ్యా, నేనూ నా బంధువులూ నా పనివాళ్ళూ కూడా అప్పిచ్చాం అని తనను కూడా అందులో కలుపుకున్నాడు. ఆ తర్వాతే మానేద్దాం అన్నాడు. తిరిగి ఇచ్చేస్తామని వాళ్ళన్నాక మాటతో వదిలిపెట్టలేదు. యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. ఆ యాజకుల స్థానంలో నన్ను పెట్టుకుని చూసుకున్నాను. సాక్షిగా కూర్చోబెట్టడానికి నన్ను పిలిచారు. నేను కూర్చున్నాను. చూడలేదు, అంతే.

మళ్ళీ ఊళ్ళోకి వద్దాం. పింఛను డబ్బు, ఉపాధి డబ్బు వేలిముద్ర వేసి తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్యాంకు తరఫున వేలిముద్ర మిషను పెట్టుకున్న మనిషి వెయ్యికి పదో ఇరవయ్యో పట్టుకుంటున్నాడని ముగ్గురు చెప్పారు. అతనికి బ్యాంకు కమీషన్ ఇస్తుంది. మన దగ్గర నేరుగా ఫీజు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకన్నా పెద్దది ఇంకొకటి. "వేలు పడలేదు అవ్వా, మళ్ళీ పెట్టు" అంటారు. నిజంగానే పడకపోవచ్చు, ముసలివాళ్ళ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి. కానీ పడి, డబ్బు డ్రా అయ్యి, పడలేదని చెప్పిన సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకని ప్రతి వేలిముద్రకూ స్లిప్పు అడగండి, ఫెయిల్ అయినదానికి కూడా. మనవడితో చదివించుకోండి. మీ ఖాతా నుంచి మీకు తెలియకుండా డబ్బు పోయిందని తెలిస్తే ఆదివారం దాకా ఆగి ప్రార్థన అంశంగా చెప్పడం కాదు, ఆ రోజే బ్యాంకుకు చెప్పి రసీదు తీసుకోండి, 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు లేకుండా వేరేవాడు తీసినదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపల చెబితే నష్టం మీ మీద పడకూడదని నిబంధన. మూడు రోజులు దాటిన కొద్దీ మన పక్షం బలహీనమవుతుంది.

ఫోన్‌లో యాప్ పెట్టి అప్పు తీసుకున్న పిల్లాడి సంగతి వివరంగా రాయను, వాళ్ళ నాన్న అడిగాడు. ఇంతే చెబుతాను. అప్పిచ్చే యాప్ మీ ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు చూడటానికి అనుమతి అడిగిందంటే అక్కడితో మూసేయండి. నిబంధన ప్రకారం వాటి జోలికి వెళ్ళకూడదు. ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు వస్తుంటే ఒంటరిగా గదిలో కూర్చోవద్దు. రాత్రి ఎంత పొద్దుపోయినా నా తలుపు కొట్టండి. నేను తిట్టను. తిట్టే అర్హత నాకు లేదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎవరైనా బ్యాంకు మీద, ఫైనాన్స్ మీద ఫిర్యాదు చేద్దామంటే మనవాళ్ళు "దేవుడే చూసుకుంటాడులే అయ్యగారూ" అంటారు. నేనూ అలా అన్నవాణ్ణే. క్షమించడం వేరు, కాగితం రాయడం వేరు. ముందు బ్యాంకుకు రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికీ ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. రాయడం రాకపోతే శనివారం సాయంత్రం మందిరానికి రండి. మా ఇంటావిడ, ఇంకో ఇద్దరు డిగ్రీ పిల్లలు కూర్చుంటున్నారు. నాకన్నా మా ఇంటావిడ బాగా రాస్తుంది, ఏదీ దాచనివ్వదు.

మొన్న పెద్దల కూడికలో కొత్త మైకు సెట్టు మాట వచ్చింది. పట్నంలో కొట్టువాడు వాయిదాల మీద ఇస్తానన్నాడు, వడ్డీ లేదన్నాడు. స్త్రీల సమాజం తరఫున ఆ సహోదరి కూడా కూర్చుంది. అందరూ సరే అనబోతుంటే ఆమె నా వైపు చూసి అడిగింది: "అయ్యగారూ, ఆ కాగితం ఆఖరి పేజీ దాకా చదివారా?"

మూడో పేజీలో ఉన్నానన్నాను.

"అయితే వచ్చే కూడికలో చూద్దాం" అన్నది. ఎవరూ మాట్లాడలేదు. అందుకని ఈ ఆదివారం కూడా పాత మైకే. వెనక వరుసల్లో కూర్చునేవాళ్ళు కొంచెం ముందుకు రండి.